అరవై నాలుగో సీసా

శాసనసభలో మూజువాణి ఓటు జరిగిన మర్నాడు సభ్యులు పలికిన ‘అవును’లను బల్లల కింద నుంచి ఏరి, ఒక్కోదాన్ని ఒక్కో గాజుసీసాలో బిగించి, నంబరు వేసి రికార్డు గదిలో దాచడం ఆ రాష్ట్రంలో మొదట్నుంచీ ఉన్న పద్ధతే. ‘కాదు’లను దాచరు. అవి మరీ తేలికని, ఫ్యాన్ గాలికే కిటికీలోంచి పోతాయని నిబంధనల పుస్తకంలో ఉంది. మూజువాణి అంటే పెద్ద చిక్కేమీ లేదు. సభాపతి అడుగుతారు, సభ్యులందరూ ఒక్కసారే అరుస్తారు, బిల్లు పాసవుతుంది. ఎవరేమన్నారో ఎవరూ రాసుకోరు.

చెరువుల సవరణ బిల్లు కూడా అలాగే, భోజన విరామానికి ముందు, నలభై సెకన్లలో పాసైంది. అందులో ఉన్నది ఒకటే వాక్యం. మే నెలలో నీళ్లు లేని చెరువు చెరువు కాదు. జాలుకుంటలో మే నెలలో నీళ్లుండవు. జూలై నుంచి ఫిబ్రవరి దాకా ఉంటాయి, వాటిలో చేపలుంటాయి, ఆ చేపల మీద రెండు వందల పన్నెండు బెస్త కుటుంబాలు బతుకుతాయి. కానీ బిల్లు అడిగింది మే నెల గురించే. వచ్చే నెల ఒకటో తారీకున పూడ్చడానికి లారీలొస్తాయని చెరువుగట్టున నోటీసు అంటించారు.

మత్స్యకారుల సంఘం కార్యదర్శి బాలామణి ఆ నోటీసు అంటించినవాణ్ణి కూడా రసీదు అడిగింది. ఇరవై ఏళ్లుగా ఆమె పద్ధతి అది. అర్జీ ఇస్తే రసీదు, ఫోటో ఇస్తే రసీదు. ఒకసారి ఫ్యాక్టరీ నీళ్లకు చచ్చిన బొచ్చె చేపను ఆఫీసులో ఇచ్చి దానికీ రసీదు తెచ్చుకుంది. నిబంధనల పుస్తకం ఆమె చదివినంతగా ఎమ్మెల్యేలు కూడా చదవలేదు. దానిలో పదిహేడో నిబంధన ఆమెకు నచ్చింది. ఒక ‘అవును’ ఎవరిదో పౌరులెవరైనా గుర్తుపట్టి, ఆ సభ్యుడు తనదేనని ఒప్పుకుంటే, ఆయన పేరు రికార్డుకెక్కుతుంది. ఎందుకన్నాడో తన జనం ముందు నిలబడి చెప్పేదాకా ఆయన నియోజకవర్గంలో ఆ చట్టం అమలు కాదు. ఇంతవరకు ఎవరూ వాడలేదు కాబట్టే దాన్ని ఎవరూ కొట్టేయలేదు.

“మా ఎమ్మెల్యే నరహరి సారు గొంతు నన్ను నిద్రల లేపి అడిగినా చెప్త,” అంది రికార్డు గది సెక్షన్ ఆఫీసర్ పాండురంగాచారితో. “అవును అనేముందు చిన్నగ దగ్గుతడు. మా చెరువును కాపాడుతవా సారూ అని అడిగిన్నాడు గూడ దగ్గిండు.”

చారిగారు బల్ల తుడిచి సీసాలు ఒక్కొక్కటే తెచ్చిపెట్టారు. మూత కొంచెం వదులు చేసి విని, వెంటనే బిగించాలి. కొన్ని ‘అవును’లు నిద్రమత్తులో ఉన్నాయి. ఒకటి నోట్లో మిర్చిబజ్జీతో ఉంది. పదకొండు సీసాల్లో ‘ఇది ఏ బిల్లు?’ అన్న మాట కూడా ముందు పడింది. మూడో రోజు అరవై నాలుగో సీసాలో చిన్న దగ్గు వినిపించింది. బాలామణికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చెరువు దక్కినట్టే అనుకుంది.

కబురందగానే ఎమ్మెల్యే నరహరి వచ్చారు. సీసాను చెవి దగ్గర పెట్టుకుని శ్రద్ధగా విన్నారు.

“గొంతు నాదేనమ్మా,” అన్నారు మర్యాదగా. “మాట నాది కాదు.”

“మరి ఎవరిది సారూ?”

“సభల నేను నా కోసం మాట్లాడుతనా? మీరు పంపితే పోయిన. మీ తరఫున అన్న.”

చారిగారు పుస్తకం తిరగేశారు. నరహరి చెప్పింది నిబంధనకు లోబడే ఉంది. సభ్యుడు గొంతు ఒప్పుకుని మాట ఒప్పుకోకపోతే ఆ మాట అనాథ అవుతుంది. అనాథ మాటను, ఎవరి తరఫున అన్నారో ఆ ప్రజలకే అప్పగించాలి.

“సీసా మీరు తీసుకెళ్లొచ్చమ్మా,” అన్నారు చారిగారు. “ఇక్కడ సంతకం పెట్టండి.”

“రసీదు ఇస్తరా?”

“తప్పకుండా.”

సీసాలో ఎమ్మెల్యే గొంతు, చేతిలో ముద్ర వేసిన కాగితం. ఊరందరి ముందు మూత తీస్తే ఆయన ఇంకెక్కడికి తప్పించుకుంటాడని బాలామణి సంతకం పెట్టింది. రసీదు మీద ‘ప్రజల తరఫున స్వీకరించడమైనది’ అని ఉంది. బస్సులో రెండుసార్లు చదువుకుంది. తప్పేమీ కనిపించలేదు.

ఒకటో తారీకున లారీల కన్నా ముందే తహసీల్దారు వచ్చి గ్రామసభ పెట్టారు. బాలామణి గట్టు మీద నిలబడి సీసా మూత పూర్తిగా తీసింది. చిన్న దగ్గు, దాని వెనకే ‘అవును’ బయటికి వచ్చి, కాసేపు జనం మధ్య తిరిగి, చేరాల్సినవాళ్లకు చేరింది. సీసా ఖాళీ అయింది.

తహసీల్దారు ఫారం చూసి చదివారు. “జాలుకుంట చెరువు కాదన్నది మీకు సమ్మతమే, అవునా?”

రెండు వందల పన్నెండు కుటుంబాలూ కాదని అరవడానికే నోరు తెరిచాయి. ముందు అందరికీ దగ్గొచ్చింది. తర్వాత ఆడా మగా అందరూ నరహరి గొంతుతో అవునన్నారు. తహసీల్దారు ‘ఏకగ్రీవం’ అని రాసుకుని, మంచినీళ్లు తాగి వెళ్లారు. లారీల పని ఏ ఇబ్బందీ లేకుండా సాగింది.

ఆ గొంతుకు జనం త్వరగానే అలవాటుపడ్డారు. ఇంట్లో ఎవరి గొంతు వాళ్లకే ఉంది. ఫారం పట్టుకుని ఎవరైనా వచ్చి అడిగినప్పుడు మాత్రమే అది వస్తుంది. ఈ గొంతు మాకొద్దు, వెనక్కి తీసుకోండని బాలామణి రికార్డు గదికి అర్జీ పెట్టింది. చారిగారు ఆమె సంతకం ఆమెకే చూపించి, అర్జీకి రసీదు ఇచ్చారు.

ఎన్నికలొచ్చాయి. జాలుకుంటను పూడ్చిన చోటే వేదిక కట్టారు. నరహరి మైకు అందుకుని, “సభల మీ గొంతు నేనే, అవునా కాదా?” అని అడిగారు. బాలామణి రసీదుల సంచి ఒళ్లో పెట్టుకుని, కాదని చెప్పడానికే ముందు వరసలో కూర్చుంది. అందరికన్నా ముందు ఆమెకే దగ్గొచ్చింది.