తదితరులలో నేనొకణ్ణి

నేనొక శాస్త్రవేత్తను! నవ్వకండి. ఊరి బడిలో ఐదో క్లాసు దాకా చదివిన నా పేరు విదేశీ జర్నల్లో అచ్చయింది. గేటుకో డాక్టరేట్ బోర్డు వేలాడే మా తార్నాకలో ఈ ఘనత ఇంకెవరికైనా ఉందా?

అందుకే అంటాను, పరిశోధనా పత్రాల్లో ‘తదితరులు’ అనే మాట పెట్టిన మహానుభావుడికి గుడి కట్టాలి. ఒక పత్రాన్ని నలుగురైదుగురు కలిసి రాస్తే, దాన్ని ప్రస్తావించేటప్పుడు మొదటి పేరు ఒక్కటి వేసి, పక్కన ‘తదితరులు’ అంటే చాలట. ఎంత సిరా ఆదా! మన పెళ్లిపత్రికలకూ ఈ రూలుంటే, పేరు వేయలేదని అలిగి భోజనం మానేసే బాబాయిలుండేవారా?

మా పక్కింటి ప్రొఫెసర్ ఆదినారాయణగారి పత్రమే చూడండి. బావినీళ్లలో ఫ్లోరైడ్ మీద రాసింది. మొదటి పేరు ఆయనది. తర్వాత డిపార్ట్‌మెంట్ హెడ్డుగారు, ఆయన ఊ అంటే గానీ ల్యాబు తాళం రాదు. ఆ తర్వాత, నీళ్ల సీసాలు దాచడానికి ఫ్రిజ్ ఇచ్చిన హెడ్డుగారి బావమరిది. ఆ పిమ్మట నేను. పత్రం టైపు చేయించడానికి నల్లకుంట టైపు ఇన్‌స్టిట్యూట్‌కు ప్రొఫెసర్‌గారు వెళ్లింది నా స్కూటర్ మీదే కదా! అందరికన్నా కింద, ప్రొఫెసర్‌గారి దగ్గర డాక్టరేట్ చేస్తున్న రజిని. ఎండాకాలమంతా ఊరూరా బావుల్లో నీళ్లు తోడి, ఆ సీసాలు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, పరీక్షలు చేసి, పత్రం రాసిన పిల్ల.

లోకానికి మాత్రం మేమంతా ‘ఆదినారాయణ తదితరులు’. నా శాస్త్రవేత్తతనం నేను చెప్పుకుంటే తప్ప ఎవరికీ తెలియదు. పోనీండి, స్కూటర్‌కు అంతకంటే ఏం కావాలి?

చిక్కల్లా రజిని తన థీసిస్ రాసేటప్పుడు వచ్చింది. తను చేసిన పనినే తను ‘ఆదినారాయణ తదితరులు కనుగొన్నారు’ అని రాయాలి.

“సార్, గది నేను చేసిన పనే గదా. గీడన్న నా పేరు రాసుకోవద్దా?”

“రూలమ్మా. నేను పెట్టినానా ఏమి?” అన్నారు ఆదినారాయణగారు.

డాక్టరేట్ తేల్చే మౌఖిక పరీక్షకు క్యాంపస్‌కు ఒక పెద్దమనిషి వచ్చాడు. థీసిస్ తిరగేసి, “ఇదంతా ఆదినారాయణగారు కనుక్కున్నదేగా. నీ సొంతం ఏదమ్మా?” అన్నాడు.

“ఆ తదితరుల్ల నేనున్న సార్.”

“ఉంటే ఉన్నావులే. నువ్వు చేసిందెంత?”

ఆదినారాయణగారు ఫ్యాను వంక చూసి, “టీ చల్లారిపోతోంది సార్” అన్నారు.

వెంటనే పెద్దమనిషి అసలు పత్రం తెప్పించుకుని, ఆరా తీసి, లేచి నిలబడి రజినికి క్షమాపణ చెప్పి, అక్కడికక్కడే డాక్టరేట్ ఖాయం చేశాడు. చూశారా, తదితరులకు ఏనాడూ అన్యాయం జరగదు!

సరే, ఆ ఆరా, క్షమాపణ, డాక్టరేట్ మాత్రం నా కల్పన. మిగతాదంతా నిజం. వాళ్లు టీ తాగి, ‘సొంత పని చాలదు, మరో అధ్యాయం కావాలి’ అని రాసి సంతకాలు పెట్టారు. ఈసారి ఆ అధ్యాయంపై పత్రం నేనొక్కదాన్నే రాస్తానని రజిని గట్టిగా చెప్పిందట.

“ధైర్యంగా రాయమ్మా, పేర్ల సంగతి మేం చూసుకుంటాం” అన్నారట ఆదినారాయణగారు.