నలభై బస్తాల నాయకుడు

రెండువేల ఎనిమిది, ఏప్రిల్ మొదటి వారం. బాన్సువాడలో బస్టాండు నుంచి మార్కెట్ యార్డు దాకా ఆకాశం తాత్కాలికంగా రద్దయింది. ప్రజలకు ఎలాంటి అసౌకర్యమూ కలగలేదు. పైకి చూసే అలవాటున్న వాళ్ల కోసం, ఆకాశం స్థానంలో అంతకన్నా ఎక్కువ రంగులతో యువనేత నితిన్ అన్న నవ్వు ఏర్పాటు చేయబడింది. పక్కనే ఆయన ప్రత్యర్థి అఖిలేశ్ అన్న నమస్కారం. ఆ ఫ్లెక్సీల్లో ఇద్దరి పాదాల దగ్గరా తపాలా బిళ్లంత ఫొటోల్లో అభిమానులు, వరుసలు వరుసలుగా. నితిన్ అన్నకు ఆ ఏడాది అది మూడో పుట్టినరోజు.

అసౌకర్యం ఒక్కరికే కలిగింది. బస్టాండుకు ఎదురుగా, మేడమీద గదిలో జాకెట్లు కుట్టే ప్రేమలకు. ఆ గదికి ఒకే ఒక్క కిటికీ. ఎండాకాలం, పగలంతా కరెంటు కోత. ఆమె బతుకుతెరువంతా ఆ కిటికీలోంచి వచ్చే వెలుతురే. ఒక సోమవారం పొద్దున ఆ కిటికీకి అడ్డంగా నితిన్ అన్న ఎడమ చెవి వచ్చి నిలబడింది.

ఫలితం మూడోరోజుకే తెలిసింది. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు చేసుకుంటున్న కుటుంబం ఇల్లాలు రాజ్యం, కొత్త జాకెట్టు పట్టుకుని మెట్లెక్కింది.

"ఏంటి ప్రేమలా ఇది? ఒక చెయ్యి వంకాయ రంగు, ఒక చెయ్యి నేరేడు రంగు! నేను పెళ్లికెళ్లాలా, వేషం కట్టాలా?"

"నేనేం చెయ్యాలక్కా? నితినన్న చెవిల కూసోని కుడుతున్న. ఏ చెయ్యి ఏ జాకెట్టుదో దేవునికే ఎరుక."

రాజ్యం చెవి వంక కోపంగా చూసింది. చెవి ఏమీ వినలేదు. నాయకుల చెవులకు అది సహజమే.

పెళ్లిళ్లు పదిహేను రోజుల్లో ఉన్నాయి. ఇంకో రెండు జాకెట్లు ఇలాగే బయటికి వెళ్తే దుకాణం మూసుకోవాల్సిందే. ఆ సాయంత్రమే 'ఆకాశ సాధన సమితి' ఆవిర్భవించింది. అధ్యక్షురాలు ప్రేమల. ఉపాధ్యక్షురాలు రాజ్యం. మిగతా పదవులన్నీ రిటైరైన గుమాస్తా బసవయ్య. అర్జీ ఆయనే రాశాడు, పదకొండు పేజీలు. పంచాయతీ ఆఫీసు రెండే రోజుల్లో జవాబిచ్చి చరిత్ర సృష్టించింది.

"ఆకాశము ఈ కార్యాలయపు ఆస్తుల జాబితాలో లేనందున, అది కనిపించకపోవుటపై చర్య తీసుకొను అధికారము మాకు లేదు. దొరికినచో తెలియజేయగలరు."

ప్రేమల జవాబు మడిచి కుట్టుమిషన్ కింద పెట్టింది. పెద్ద కత్తెర తీసుకుని కిందికి దిగింది. బస్టాండు మొత్తం చూస్తోంది. నిచ్చెనెక్కి, కత్తెర తెరిచి, తాడు మీద పెట్టింది.

"ఆగు!"

జనంలోంచి దూసుకొచ్చిన మనిషి ముత్తెన్న. కోటగిరి రైతు, ప్రేమల అక్క మొగుడు.

"తాడు కోస్తే కొయ్యి గని, నడిమిట్ల చింపకు. గా ఫ్లెక్సీ నాది."

"నీదేంది బావా? నితినన్నది గదా?"

"కట్టె మీద చూడు."

చూసింది. ఫ్లెక్సీ కట్టిన కట్టె మీద సుద్దముక్కతో రాసి ఉంది: 'ముత్తెన్న, కోటగిరి'. పక్క కట్టె మీద ఇంకో రైతు పేరు. ఆ పక్కన ఇంకోటి. ఊళ్లో ఫ్లెక్సీలన్నీ ముందే బుక్కయిపోయాయి.

విషయం చాలా సులువైనది. మార్కెట్ యార్డులో వడ్ల కుప్పలు వందల్లో ఉంటాయి, వాటి మీద కప్పే పరదాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వాన మాత్రం చెప్పి రాదు. కాబట్టి పుట్టినరోజు కాగానే దింపిన ఫ్లెక్సీ వడ్ల మీదికి వెళ్తుంది. అందుకే ఆ చుట్టుపక్కల రైతులు నాయకుణ్ణి పార్టీని బట్టి కొలవరు, మాటను బట్టి అసలే కొలవరు. నితిన్ అన్న నలభై బస్తాల నాయకుడు. అఖిలేశ్ అన్న ముప్పై అయిదే కానీ మందం ఎక్కువ, గాలికి ఎగరడు. దళారీ లేకుండా నేరుగా రైతుకు అందిన పథకం ఇదొక్కటే. దీన్ని ఎవరూ ప్రకటించలేదు కాబట్టే అందిందని బసవయ్య అభిప్రాయం.

"ఇప్పుడు నువ్వు లొల్లి చేస్తే అన్న అలుగుతడు. మళ్లొచ్చే పుట్టినరోజుకు సైజు తగ్గిస్తడు. నా వడ్లు నువ్వు ఆరబెడతవా?"

"నాకు వెలుగు కావాలె బావా!"

"నాకు కప్పు కావాలె!"

నిజాంసాగర్ వైపు ఉరిమింది.

ఇద్దరూ తలెత్తారు. మబ్బు కనిపించలేదు, నితిన్ అన్న అడ్డం ఉన్నాడు. ప్రేమల తాడు కోసేసింది.

"విడివిడిగ కప్పితే సందుల్లకెళ్లి నీళ్లు పోతయి. అన్నీ దింపుండ్రి. నేను కుడత. ఇగ చూస్తరేంది, దబ్బనాలు తెండ్రి!"

అరగంటలో బాన్సువాడకు ఆకాశం తిరిగొచ్చింది, అదీ నల్లగా. నడిరోడ్డు మీద కూర్చుని ప్రేమల, రాజ్యం, బసవయ్య, ముప్పై మంది రైతులు దబ్బనాలతో నాయకుల్ని కుట్టారు. నితిన్ అన్న ఎడమ చెవి అఖిలేశ్ అన్న ముక్కుకు అతుక్కుంది. ఎన్నో శాంతి చర్చలు సాధించలేని ఐక్యతను సుతిలి తాడు సాధించింది. కుట్టిన కప్పు యార్డులో వడ్ల మీద పడగానే వాన దంచికొట్టింది. ఒక్క గింజ తడవలేదు.

తర్వాత నాలుగు రోజులు కిటికీ నిండా వెలుతురు. ప్రేమల పద్దెనిమిది జాకెట్లు కుట్టింది. అన్నిటికీ రెండు చేతులూ ఒకే రంగు.

అయితే 'రైతును కప్పిన నేతలు' అని పేపర్లో ఫొటో పడింది. నితిన్ అన్న వెంటనే యార్డుకు వచ్చి మైకు అందుకున్నాడు.

"నా రైతన్న పంట తడవొద్దని నేను తడిసిన! నా ముఖం మీద పిడుగు పడ్డా ఫికర్ లేదు! ఇగ నుంచి నెలకో పుట్టినరోజు చేసుకుంటనని రైతాంగానికి మాటిస్తున్న!"

రైతులు ఈలలేశారు. ఒక పెద్దాయన, వానాకాలంలో వారానికొకటి చేసుకొమ్మని వినతిపత్రం ఇచ్చాడు.

అయిదో రోజు పొద్దున ప్రేమల కిటికీ తెరిచింది. చీకటి.

కత్తెర తీసుకుంది. మెట్లు దిగింది. రోడ్డు దాటి నిలబడి, తలెత్తింది.

'ఆకాశ సాధకురాలు ప్రేమలక్కకు శుభాభినందనలు.'

మేడంత ఎత్తున తన ముఖం. ముక్కుపుడక పళ్లెమంత ఉంది. కింద మొదటి వరుసలో రాజ్యం. రెండో వరుసలో బసవయ్య. పదకొండు పేజీలు రాసిన మనిషిని రెండో వరుసలో వేస్తారా అని ఆయన అప్పటికే ఎవరితోనో పోట్లాడుతున్నాడు. కట్టె దగ్గర ముత్తెన్న సుద్దముక్కతో రాసుకుంటున్నాడు.

కత్తెర తెరుచుకుంది.

"బావా, ఇది ఎన్ని బస్తాలది?"

"నూట ఇరవై."

"నితినన్నది?"

"నలభయ్యే."

కత్తెర మూసుకుంది. ప్రేమల ఒక చార్జింగ్ లైటు కొనుక్కుని పైకి వెళ్లి, అది వెలిగించుకుని పనిలో కూర్చుంది. ఆ పెళ్లికి రాజ్యం ఒక చెయ్యి వంకాయ రంగు, ఒక చెయ్యి నేరేడు రంగు జాకెట్టుతోనే వెళ్లింది. మొదటి వరుస మనిషి కాబట్టి అది ఫ్యాషన్ అనుకుని ఇంకో నలుగురు అలాంటివే కుట్టించుకున్నారు.

ఆకాశం ఇంకా దొరకలేదు. సమితి మాత్రం చురుగ్గా పనిచేస్తోంది. మూడో వరుసలో కొన్ని ఖాళీలున్నాయి, పాస్‌పోర్టు సైజు ఫొటో ఒకటి చాలు. ఇంతసేపూ నవ్విన మీరు జేబు తడుముకోనక్కర్లేదు. పర్సులో, రెండో అరలో ఉంటుంది.