చికిత్సకు ముందే కోలుకున్న డ్రైవరు

మానసిక చికిత్స కేంద్రం తన చరిత్రలోనే అత్యుత్తమ ఫలితాన్ని నమోదు చేసింది. ఒక రోగి చికిత్స మొదలు కాకముందే కోలుకున్నాడు.

రోగి సిటీ బస్సు డ్రైవరు. మూడు నెలలుగా నిద్ర లేదు. కేంద్రంలో ప్రతి రోగీ వచ్చిన రోజు ఒక ఫారం, చికిత్స ముగిసిన రోజు ఒక ఫారం నింపాలి. దిగులును ఇరవై ఏడు మార్కులకు కొలుస్తారు. ఎనిమిది లోపు వస్తే కోలుకున్నట్టే. డ్రైవరు తన వంతు కోసం వరండాలో బెంచీ మీద నాలుగు గంటలు కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు.

గుమాస్తా తట్టి లేపి ఫారం తీశాడు.

"నిద్ర ఎలా పడుతోంది?"

"ఇప్పుడే బాగా పట్టిందండీ."

మిగతా ప్రశ్నలకూ అతను హాయిగా నిద్ర లేచిన మనిషిలాగే జవాబిచ్చాడు. మూడు మార్కులు వచ్చాయి.

"మీరు కోలుకున్నారు. ఇక్కడ సంతకం పెట్టండి."

"అదేంటి బాబూ, డాక్టరమ్మను ఇంకా చూడనే లేదు."

"చూస్తే మార్కులు పెరిగినా పెరగొచ్చు."

"ఇంట్లో కంటి మీద కునుకు లేదయ్యా. స్టీరింగు పట్టుకుని తూగుతున్నా. నిన్న రెండు స్టాపులు ఎప్పుడు దాటానో నాకే తెలీదు."

"స్టాపుల ప్రశ్న ఫారంలో లేదండీ."

డైరెక్టరు సభ పెట్టారు. "పన్నెండు సిట్టింగులలో నిపుణులు సాధించలేనిది మన బెంచీ సాధించింది" అన్నారు. బెంచీని తన గదిలోకి మార్పించి, తాకరాదని బోర్డు పెట్టించారు. ఆరు కేంద్రాల ప్రతినిధులు వచ్చి దాన్ని టేపుతో కొలుచుకున్నారు. వరండాలో రోగులు నిలబడుతున్నారు.

వారం తర్వాత డ్రైవరు మళ్లీ వచ్చాడు. కోలుకున్నవారిని ఏడాది వరకు చేర్చుకోరాదని, చేర్చుకుంటే వారు కోలుకోనట్టు తేలుతుందని గుమాస్తా నిబంధన చూపించాడు.

"పోనీ ఆ బెంచీ మీద ఒక్క గంట పడుకోనివ్వు నాయనా."

"అది ప్రదర్శనలో ఉందండీ."

కోలుకున్నట్టు సర్టిఫికెట్టు ఉన్నందున డిపో మేనేజరు అతని సెలవు అర్జీని తిప్పి పంపారు.

ఫలితాల కొలతను ప్రజల్లోకి తీసుకెళ్లే కార్యక్రమం కింద ఈ నెల బస్సు ప్రయాణికులకూ ఫారాలు పంచారు. బస్సు నడుస్తుండగా ఒకటి, దిగాక ఒకటి. మిగతా బస్సుల్లో మార్కులు అటూ ఇటూగా సమానం. ఈ డ్రైవరు బస్సులో మాత్రం నడుస్తుండగా సగటున ఇరవై నాలుగు, దిగాక సున్నా. రెండు నెలలుగా భర్తతో మాటలు లేని ఒక ఉపాధ్యాయురాలు, దిగీ దిగగానే ఆయనకు ఫోన్ చేసి ఏడ్చానని, ఇక జీవితంలో ఏ లోటూ లేదని రాశారు.

ఆ బస్సును కేంద్రానికి శాఖగా గుర్తించారు. రద్దీ విపరీతంగా పెరిగింది. సీట్లు చాలక జనం నిలబడే కోలుకుంటున్నారు. డ్రైవరుకు ఇంట్లో ఎట్టి పరిస్థితిలోనూ నిద్ర పట్టకుండా చూడవలసిందిగా కేంద్రం డిపోకు లేఖ రాసింది. కింద ప్రయాణికులందరూ సంతకాలు చేశారు.