బదులు మనిషి

ఆ రోజు అబద్ధమాడాలని గట్టిగా నిశ్చయించుకునే శాక్సోఫోనాయన మంచం దిగాడు. పదకొండింటికి సంగీత పాఠశాల హాల్లో కూతురు మొదటిసారి ఒంటరిగా శాక్సోఫోన్ వాయించబోతోంది. ఇప్పటిదాకా ఆమె కార్యక్రమాల్లో ఒక్కదానికీ ఆయన వెళ్ళలేదు. జాజ్ ముక్క కావాలని ఏ స్టూడియో పిలిచినా పరిగెత్తడం, ఎవరి పాటలోనో ఊది రావడం, పేరు మాత్రం ఎక్కడా పడకపోవడం, అదీ ఆయన బతుకు. ఒకసారి రానన్నవాణ్ణి స్టూడియోలు మళ్ళీ పిలవవు. ఆ భయంతోనే పిల్ల పెద్దదైపోయింది.

ఈసారి చెప్పాపెట్టకుండా వెళ్ళి ముందు వరుసలో కూర్చోవాలి. ఇంట్లోనూ చెప్పలేదు. వస్తానని చెప్పి ఎగ్గొట్టిన చరిత్ర బోలెడుంది మరి.

స్టూడియో మేనేజరుకు ఫోన్ చేసి దగ్గాడు. "గొంతు పట్టేసిందండీ. నిద్రమాత్రల ప్రకటనకి నా బదులు మనవాడొస్తాడు."

మనవాడంటే పాత స్నేహితుడు బొద్దాయన. సరేనని ఫోన్ పెట్టగానే ఆ బొద్దాయనకు ఇంకో చోటినుంచి అంతకన్నా మంచి పిలుపొచ్చింది. ఊరికే తప్పుకుంటే బాగుండదని, తమలాగే శాక్సోఫోన్ ఊదే బట్టతలాయన్ను బతిమాలుతూ గొంతునొప్పిని ఊపిరితిత్తుల్లోకి దింపాడు. బట్టతలాయన పొరుగూళ్ళో ఉన్నాడు. ఆయన సంగీత పాఠశాల మాస్టారికి మొరపెట్టుకున్నాడు. "పాపం, ఎవరో పెద్దాయనకి ఆపరేషనట మాస్టారూ. బాగా వాయించేవాళ్ళుంటే పంపండి, పుణ్యముంటుంది." ఎవరా పెద్దాయన అని అడిగే తీరిక మాస్టారికి లేదు.

బస్సులో ఉండగా మేనేజరు ఫోన్ చేశాడు. "ఆపరేషనని ఒక్క మాటైనా చెప్పరేమండీ?"

"ఎవరికి?"

"ఇంకా దాస్తారేం? అంతా తెలిసింది లెండి."

అబద్ధం ఇంతలా ఎప్పుడు పెరిగిందో అర్థంకాక ఆయన కంగారుపడి ఇంకా గట్టిగా దగ్గాడు. పక్కసీటు మనిషి లేచి వెళ్ళి దూరంగా నిలబడ్డాడు.

వానకు తడిసి ముద్దయి హాలు చేరేసరికి గుమ్మంలో మాస్టారు ఎదురయ్యాడు.

"మీరా! రారనుకున్నామండీ."

"అమ్మాయేదీ?"

"శుభవార్త! స్టూడియోకి వెళ్ళింది. ఎవరో పెద్దాయన మంచాన పడ్డాడట. కార్యక్రమం మళ్ళీ ఏడాదైనా వస్తుంది, పిలుపు వస్తుందా? నేనే పంపేశా."

 ఆయన తడిసిన తల తుడుచుకుంటూ, "నేను వస్తానేమోనని అమ్మాయి అనుకోలేదా?" అని అడిగాడు.

"అడిగానండీ. 'నాన్నా? ఆయనకి ఎక్కడో రికార్డింగుంటుంది లెండి' అని నవ్వేసి, పెట్టె పట్టుకుని పరిగెత్తింది."

కోప్పడదామంటే తను తప్ప ఎవరూ కనిపించలేదు. వెళ్ళి ముందు వరుసలో కూలబడ్డాడు. కార్యక్రమం సగంలో ఫోన్ మళ్ళీ వణికింది.

"మీ బదులొచ్చిన పిల్ల ఒక్క టేకులో అదరగొట్టేసిందండీ," అన్నాడు మేనేజరు. "ఇకనించీ ఆమెనే రమ్మన్నాం. మీరు హాయిగా విశ్రాంతి తీసుకోండి."

పిల్ల గొప్పగా వాయించిందన్న సంతోషం, అది తను వినలేదన్న బాధ, పని ఊడిందన్న గుబులు ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఏది ముందు పడాలో ఆయనకు తెలియలేదు.

కూతురి వంతు వచ్చినప్పుడు బదులుగా మరో చిన్నపిల్ల వేదిక ఎక్కింది. ఆఖరి నిమిషంలో చెప్పడంతో ఆ పిల్ల తరఫున ఎవరూ రాలేదు. తడబడుతూనే వాయించి, తల ఎత్తి హాలంతా ఎవరికోసమో వెతికింది.

శాక్సోఫోనాయన లేచి నిలబడి, వాళ్ళ నాన్న బదులు చప్పట్లు కొట్టాడు.