షాబాదు బండకు శుభ్రత నోటీసు

బండను మట్టి చేయడానికి ఈ భూమ్మీద రెండు శక్తులున్నాయి. ఒకటి వాన, రెండోది ఆఫీసు. వాన నెమ్మది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని పలుచని సోడాలా కురుస్తుంది. షాబాదు బండలోని సున్నాన్ని ఏటికి కొంత కరిగించి పట్టుకుపోతుంది. (ఇందుకు ఎవరికీ దరఖాస్తు పెట్టుకోదు. అందుకే పని జరుగుతుంది.)

ఆఫీసుకు అంత ఓపిక లేదు.

ఈ ఎండాకాలం వరంగల్‌లో మా ఖబరస్తాన్ గేటుకు 'శిలాక్షర స్పష్టతా విభాగం' వారు నోటీసు అంటించారు. తనిఖీనాడు సమాధి రాయి మీది పేరు చదవడానికి రాకపోతే ఆ స్థలాన్ని ఖాళీగా లెక్కించి వేరేవారికి ఇస్తారు. (లోపలున్నవారు పదిహేను రోజుల్లో అభ్యంతరం తెలపవచ్చు.) నేను దిగులుపడలేదు. మా ఆయన చాంద్ పాషా పేరు ఆయన సమాధి షాబాదు బండ మీద ఇరవై రెండేళ్లుగా ఉంది. అరవై దాటాక అక్షరాలు దిద్దుకుని, నేను కూడబలుక్కుని చదివిన మొదటి పేరు అది.

తనిఖీకి ముందు రాళ్లు కడగాలని విభాగం పండరి అనే కూలీని పంపింది. చేతికి బాత్రూములు కడిగే యాసిడ్ సీసాలిచ్చింది. షాబాదు బండ మీద నిమ్మరసం పడినా మచ్చ పోదని ఈ ఊళ్లో ఇల్లు తుడిచిన ప్రతి ఆడదానికీ తెలుసు. ఆదేశం రాసినవారు ఇల్లు తుడిచి ఉండరు. వద్దని అడ్డం పోయాను.

"ఫికర్ చేయకు పెద్దమ్మా, సార్లు ఇచ్చిన మందు. అద్దం లెక్క మెరుస్తది" అంటూ పండరి మూడుసార్లు పోసి, ఇనుప బ్రష్షుతో రుద్దాడు.

బండ బుసబుసా పొంగింది. నురగ తగ్గాక నిజంగానే మెరిసింది. పేరు లేదు. వాన ఇరవై రెండేళ్లలో చేయలేనిది పావుగంటలో పూర్తయింది.

తనిఖీ అధికారి వెంకటరాజం గారు రాయిని తడిమి చూశారు.

"వానకు అరిగిందమ్మా. ప్రకృతిని మేమేం చేస్తం?"

"వాన సీసాలల్ల రాదు సార్" అన్నాను.

ఆయన అది శ్రద్ధగా రాసుకున్నారు. నేను దరఖాస్తు కూడా పెట్టాను. నెలకు జవాబు వచ్చింది. పేరు చెరిగిందన్న దరఖాస్తుకు, పేరు స్పష్టంగా కనిపించే రాయి ఫోటో, ఈ వారం తీసినది, జతచేయాలి. అంతవరకు ఆ స్థలం ఖాళీల జాబితాలో మొదటిది.

ఈలోగా గేటు పక్కన నల్ల గ్రానైటు ఫలకం లేచింది. శుభ్రత కార్యక్రమాన్ని విజయవంతం చేసిన పద్నాలుగు మంది అధికారుల పేర్లు. (షాబాదు బండ వద్దని వారే పట్టుబట్టారట.) నిలబడి అన్నీ చదివాను. గ్రానైటు కూడా వానకు మట్టి అవుతుందట, కాకపోతే లక్షల ఏళ్లు పడుతుంది.

నిన్న తొలకరి పడింది. దరఖాస్తు లేకుండానే పని మొదలైంది.