సమానత్వపు దాణా

ఆ పొద్దున ఆకాశం మబ్బు పట్టి, కురవడానికి పైనుంచి ఉత్తర్వు రావాలన్నట్టు నిలబడిపోయింది. దాని కింద, మా కోళ్ళ షెడ్డు ముందు కట్టిన వేదిక మీద నుంచి మంత్రిగారు ప్రకటించారు: "ఇకమీదట మన కోడికి జబ్బు రాదు!"

జనం చప్పట్లు కొట్టారు. లోపలున్న కోళ్ళకు ఈ సంగతి ఇంకా తెలియదు.

పోయినేడు తెగులు తగిలి మా ఆవిడ పెంచిన రెండొందల కోళ్ళూ మూడు రోజుల్లో పోయాయి. టీకాలు వేయించినా పోయాయి. టీకా వేసిన కోడికి దాణాలో అమైనో ఆమ్లాలు కలిపి పెడితే టీకా ఇంకా బాగా పనిచేస్తుందేమో, మీ షెడ్డులో చూద్దామా అని పశువుల డాక్టరమ్మ అడిగితే మా ఆవిడ వెంటనే ఒప్పుకుంది. డాక్టరమ్మ తెచ్చిన వంద కోళ్ళు, అన్నిటికీ ఒకే టీకా. సగానికి కాలికి నీలం రింగు, అమైనో దాణా. సగానికి ఎర్ర రింగు, మామూలు దాణా. ఇరవై ఒకటో రోజున రక్తం తీసి, ఏ రింగు వాటికి రోగాన్ని తట్టుకునే శక్తి ఎక్కువొచ్చిందో చూడాలి.

"పనిచేస్తుందని తేలితే మళ్ళీ కోళ్ళు పెంచుతాను. లేదంటే షెడ్డు విప్పేస్తాను," అంది మా ఆవిడ.

ప్రసంగమయ్యాక మంత్రిగారు షెడ్డులోకి వచ్చారు. కోళ్ళంటే ఆయనకెంత ప్రేమంటే, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కూడా ఐదు నిమిషాలున్నారు.

"ఈ ఎర్ర రింగులవి ఏం తింటాయి?"

"మామూలు దాణా సార్. పోల్చి చూడ్డానికి," అంది డాక్టరమ్మ.

"అంటే వీటికి అమైనో పెట్టరా?"

"పెట్టకూడదు సార్."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "మా ప్రభుత్వంలో వివక్షా? ఇవేం పాపం చేశాయమ్మా?"

పక్కనున్న కార్యకర్త "వివక్ష నశించాలి!" అని అరిచాడు. మిగతావాళ్ళు అందుకున్నారు. ఎర్ర రింగు కోళ్ళు బెదిరిపోయి మూలకు చేరాయి. అంతకుముందు తమ తరఫున ఎవరూ పోరాడగా ఎరగవు పాపం.

మంత్రిగారి వెంట వచ్చిన శాఖ అధికారిగారు నిలబడే ఉత్తర్వు రాసేశారు. అన్ని కోళ్ళకూ అమైనో.

"అన్నిటికీ పెడితే తేడా ఎలా తెలుస్తుంది సార్?"

"తేడా లేకుండా చెయ్యడమే కదమ్మా మన ధ్యేయం!"

ఇంత లోతుగా ఆలోచించే అధికారిని నేనింతవరకు చూడలేదు.

ఆ సాయంత్రం డాక్టరమ్మా మా ఆవిడా ఏదో గుసగుసలాడుకున్నారు. ఐదు ఎర్ర రింగు కోళ్ళు పెరట్లోని పాత గూట్లోకి మారాయి.

"ఐదంటే తక్కువేనమ్మా. కానీ ఇవైనా ఉంటే కొంత తెలుస్తుంది," అంది డాక్టరమ్మ.

మా ఆవిడ రోజూ మామూలు దాణా తనే తూచి వాటికి పోసింది. నాకెప్పుడూ అంత శ్రద్ధగా వడ్డించలేదు.

ఇరవై ఒకటో రోజు వచ్చింది. పొద్దున్నుంచీ వాన. షెడ్డుకు విజయోత్సవం బ్యానరు కట్టారు.

"సార్, రక్తం తీసేది భోజనాలయ్యాక కదా?" అంది డాక్టరమ్మ.

"ఫలితం మీ పని, విజయం మా పని. ఎవరి పని వాళ్ళం చేద్దాం," అన్నారు అధికారిగారు.

మా ఆవిడను వేదిక మీద కూర్చోబెట్టి, ఆదర్శ పెంపకందారని ప్రశంసాపత్రం ఇచ్చారు. మంత్రిగారు నీలం రింగు కోడిని ఎత్తుకుని ఫొటో దిగారు. "ఇలాంటి కోడినే మా మనవడికి పెడతాను!" అన్నారు. తర్వాత పక్కకొచ్చి కార్యకర్త చెవిలో, "భోజనంలోకి మాత్రం ఇవి వద్దయ్యా. ఏవేవో కలిపి పెట్టారు వీటికి. మామూలు దాణా తిన్నవేమైనా ఉంటే చూడు," అన్నారు.

మంత్రిగారికి గొడుగు పట్టింది నేను కాబట్టి విన్నాను. గొడుగు పట్టాను కాబట్టే కదల్లేకపోయాను. కార్యకర్త చాలా చురుకైనవాడు. అప్పటికే మా పెరటి వైపు నడుస్తున్నాడు.

భోజనాలకు అందరం ఒకే వరుసలో కూర్చున్నాం. డాక్టరమ్మ ఖాళీ రక్తం సీసాల పెట్టె పక్కనే పెట్టుకుంది. మా ఆవిడ పెరట్లోంచి తడుస్తూ వచ్చి, డాక్టరమ్మ పళ్ళెం పక్కన గుప్పిట విప్పింది.

ఐదు ఎర్ర రింగులు.

"కూర అద్భుతంగా ఉందమ్మా!" అన్నారు మంత్రిగారు. "ఎవరివీ కోళ్ళు?"

మా ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుని పళ్ళెం ముందుకు లాక్కుంది. వాన షెడ్డు రేకుల మీద పడుతోంది. అందరం తింటూ కూర్చున్నాం.