ఎమ్మెల్యే రామచంద్రయ్య తప్పుకున్న రోజు

మధ్యాహ్నం మూడు గంటల్లోపు రామన్నపేట తాలూకా కచేరీలో ఒక్క కాగితం ఇస్తే చాలు, ఎమ్మెల్యే రామచంద్రయ్యకు విముక్తి. పంతొమ్మిది వందల యాభై రెండు నుంచి వరసగా మూడు ఎన్నికలు గెలిచాడు. పదిహేనేళ్ల అసెంబ్లీలో నడుము పోయింది, నిద్ర పోయింది. ఈ అరవై ఏడులో నామినేషన్ వేసింది కూడా పార్టీవాళ్ల పోరు పడలేకే. పోటీలో ఉన్నది గొర్రెలు కాచే కుర్మల కులపు ఐలేశం ఒక్కడే. తను తప్పుకుంటే సీటు అతనిది, మంచం తనది.

"ఎవ్వలకు చెప్పకు. తెలిస్తే కాళ్లు పట్టుకుంటరు," అన్నాడు భార్య సావిత్రమ్మతో.

"నేనెందుకు చెప్త? మీరే మొహమాటానికి పోతరు. జల్ది పోయి రాండ్రి."

బండి కడితే ఊరంతా ఎక్కుతుందని నడిచే బయలుదేరాడు. ఊరు దాటకముందే కుర్మల పెద్ద బీరన్న ఎదురయ్యాడు.

"ఏడికి పటేలా?"

"కచేరిల జర సంతకం పెట్టేదుంది."

బీరన్న ముఖం వెలిగింది. "మా తాగునీళ్ల బాయి మంజూరుకా?"

రామచంద్రయ్య అవుననలేదు, కాదనలేదు. పదిహేనేళ్ల అసెంబ్లీ అలవాటు.

అంతే, మంద దగ్గర కూర్చోబెట్టి కొత్త గొంగడి కప్పారు. డోళ్లు మొదలయ్యాయి. లేవబోతే బీరన్న భుజం నొక్కాడు.

"గొంగడి కప్పినంక డోలు ఆగేదాక లేవొద్దు పటేలా. మందకు అరిష్టం."

"ఎప్పుడాగుతది?"

"ఇంటికొకలు ఆడాలె. నలభై ఇండ్లే."

ఆట ముగిసేసరికి ఒంటిగంట. అప్పుడైనా వదిలారా? బాయి తెచ్చే మనిషిని ఒంటిగా పంపుతామా అని డోళ్లతోనే వెంట నడిచారు. రెండు మైళ్లకు రెండు గంటలు. నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు గానీ, ఆ మోతలో తన మాట తనకే వినపడలేదు.

కచేరీ మెట్లెక్కేసరికి మూడూ పది.

"మూడు దాటిందని తెలుసు. నేను తప్పుకుంటున్న. దయచేసి గీ కాయితం తీసుకోండ్రి," అన్నాడు రొప్పుతూ.

ఎన్నికల అధికారి నవ్వాడు. "మీరెందుకు సార్ తప్పుకునుడు? ఐలేశం గారే అరగంట కింద తప్పుకున్నరు. తన కులపోళ్లే డోళ్లు కొట్టుకుంట మీ ఎంబడి వస్తున్నరని తెల్సి, ఇగ నాకు ఓట్లేడియని సంతకం పెట్టి పోయిండ్రు. మీరు ఏకగ్రీవం!"

ఇంకో ఐదేళ్లు. రామచంద్రయ్య కూలబడ్డాడు. బయట జైకారాలు మొదలయ్యాయి, లోపల అతను నిజంగానే ఏడ్చాడు.

ఆనందబాష్పాలని మర్నాటి పత్రికలో వేశారు.